వదిన ముడి వేసిన వాల్వులు

మా వదినకి ముక్కు మీద కోపం. నాకూ అంతే. మా అన్నయ్య మాత్రం ఎవరేమన్నా నవ్వి ఊరుకునే మనిషి. మా ఇద్దరి మధ్యా ఎలా నెగ్గుకొస్తున్నాడో ఆయనకే తెలియాలి. ముగ్గురం కలిసి చేసే పని ఒకటే, వాల్వు యాంప్లిఫయర్లు. అన్నయ్య ట్రాన్స్‌ఫార్మర్లు చేత్తో చుట్టి, తీగలు అతికించి, లోపలి సరంజామా అంతా నిలబెడతాడు. నేను వడ్రంగిని, పెట్టెలు చేస్తాను. వదిన వాల్వులకి జతలు కుదురుస్తుంది. ఈ మూడింటిలో ఏది గొప్ప పని అని అడిగితే పెట్టెలే అని నేను వాదిస్తాను గానీ, మా గుమ్మం ఎక్కేవాళ్ళెవరూ పెట్టెల కోసం రారు. ఆ సంగతి నాకూ తెలుసు.

వాల్వు అంటే చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. అదొక గాజు బుడ్డి. లోపల ఎర్రగా కాలే సన్నటి తీగ, దాని చుట్టూ రేకులు. పాత రేడియోల వెనక అట్ట తీస్తే దీపాల్లా వెలుగుతూ కనిపించేవి అవే. యాంప్లిఫయర్‌లో చివరికి వచ్చేసరికి పెద్ద వాల్వులు రెండు పక్కపక్కన నిలబడి పాట బరువంతా మోస్తాయి. ఇద్దరు మనుషులు బీరువా మోసినట్టే అనుకోండి. అందులో ఒకడు గట్టివాడు, రెండోవాడు నీరసం అయ్యాడో, బీరువా ఒరుగుతుంది, గట్టివాడి నడుం విరుగుతుంది. వాల్వు విషయంలో నడుం విరగడమంటే లోపలి రేకు ఎర్రగా కాలిపోవడం. అది పోతూ పోతూ అన్నయ్య రోజుల తరబడి కూర్చుని చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ని కూడా వెంట తీసుకుపోతుంది.

పెళ్ళికి ముందు వదిన ఒక రేడియోల ఫ్యాక్టరీలో పరీక్ష గదిలో పనిచేసేది. పొడవాటి బల్ల, దాని వెంట వరసగా కూర్చున్న ఆడవాళ్ళు, ఒక్కొక్కరి ముందూ ఒక మీటరు. ఆ ఫ్యాక్టరీ మూసేసినప్పుడు కొందరు ఫ్యాన్లు అడిగారట, కొందరు కుర్చీలు అడిగారట. వదిన తన మీటరు అడిగి తెచ్చుకుంది. మా ఇంటికి వచ్చినప్పుడు బట్టల పెట్టె అన్నయ్య చేతికిచ్చి మీటరు మాత్రం తనే మోసుకొచ్చింది. కొత్త కోడలి చేతిలో ఆ ఇనప డబ్బా ఏమిటో అర్థంకాక మా అమ్మ దాన్ని వంటింట్లో పెట్టించింది.

మొదటి గొడవకి ఎంతోకాలం పట్టలేదు. అన్నయ్య అప్పట్లో కంపెనీ నుంచి ఒకే అట్టపెట్టెలో వచ్చిన రెండు వాల్వుల్ని తీసి అలాగే యాంప్లిఫయర్‌లో గుచ్చేసేవాడు. వదిన అది చూసి ఊరుకోలేదు. ఒకే పెట్టెలో వచ్చినంత మాత్రాన రెండూ ఒకటే ఎలా అవుతాయని నిలదీసింది. కంపెనీవాళ్ళే కలిపి పంపారుగా అన్నాడు అన్నయ్య. అప్పుడామె నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసి, "మీరిద్దరూ ఒకే ఇంట్లో పుట్టారుగా, ఎక్కడైనా పొంతన ఉందా?" అంది. అమ్మ పడీ పడీ నవ్వింది. ఆ రోజు నుంచే వదిన నాకు చెక్కపురుగు అని పేరు పెట్టింది. మీటరు వంటింట్లోంచి ముందు గదిలోకి వచ్చింది.

ఆమె పని చూడాలి. ముందు వాల్వుని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంటుంది. గాజు లోపల పైభాగాన వెండిరంగు మచ్చ ఒకటి ఉంటుంది. అది తెల్లగా పాలిపోయిందంటే లోపలికి గాలి చొరబడ్డట్టు, ఇక ఆ వాల్వు పనికిరాదు. తర్వాత దాన్ని వెలిగించి, స్పీకరు పక్కన చెవి పెట్టి, పెన్సిలు వెనకవైపుతో గాజు మీద మెల్లగా తడుతుంది. మంచిదైతే గమ్మున ఉంటుంది. చెడ్డదైతే స్పీకర్లోంచి గిన్నె మోగినట్టు మోగుతుంది. ఇవన్నీ దాటినవి కాల్చే బల్ల ఎక్కుతాయి. అది నేను చేసిన బల్లే, వరసలు వరసలుగా హోల్డర్లు బిగించి ఉంటుంది. కొత్త వాల్వు చంటిపిల్లలాంటిది, ఈ రోజున్నట్టు రేపు ఉండదు. అందుకని రోజుల తరబడి దాన్ని అలా వెలగనిచ్చి, నిలకడకి వచ్చిందనుకున్నాకే వదిన మీటరు ముట్టుకుంటుంది. అది కూడా ఒక్కచోట కొలిచి వదిలెయ్యదు. తక్కువ బరువు మీద, ఎక్కువ బరువు మీద, మధ్యలో, మళ్ళీ మొదటి నుంచి. చూసేవాడికి తల ప్రాణం తోకకి వస్తుంది.

ఏ వాల్వు ఏ వరసలో కాలిందో తెలియడానికి అడుగున గోళ్ళ రంగుతో ఒక చుక్క పెడుతుంది. ఒక్కో వరసకి ఒక్కో రంగు. వదిన తన గోళ్ళకి రంగు వేసుకోగా నేనెప్పుడూ చూడలేదు గానీ, మా ఇంట్లో ఉన్నన్ని రంగు సీసాలు ఫ్యాన్సీ షాపులో కూడా ఉండవు.

జత కుదిరాక రెండింటి అడుగులకీ కలిపి ఎర్రదారం చుట్టి ముడి వేస్తుంది. యాంప్లిఫయర్‌లో అమర్చేటప్పుడు ఆ దారం విప్పి, వెనక పలకని బిగించే మరకి చుడుతుంది. ఎప్పుడైనా ఎవరైనా పెట్టె విప్పితే, ఇందులో ఒకదాన్ని విడిగా తీయకూడదని వాళ్ళకి తెలియాలి కదా. ఆ దారమే మాకు పేరు తెచ్చింది. మొదట్లో జనం అన్నయ్య యాంప్లిఫయర్ కావాలని వచ్చేవాళ్ళు. తర్వాత తర్వాత ఎర్రదారం ఉందా అని అడగడం మొదలుపెట్టారు. ఎక్కడెక్కడి మెకానిక్కులో వాల్వులు దూదిలో చుట్టి పార్శిల్ చేసి, జతలు కట్టి పంపమని రాసేవాళ్ళు. ఎర్రదారం ఉంటే రెండూ సమానం, కళ్ళు మూసుకుని పెట్టుకోవచ్చు అని నేను కూడా నలుగురిలో గొప్పలు పోయేవాణ్ణి. ఎందుకు పోకూడదు? మా వదిన చెయ్యి అది.

అలాంటి దారానికి మచ్చ వచ్చింది.

కళ్ళద్దాల షాపాయన యాంప్లిఫయర్ మోసుకొచ్చి, బుయ్యిమంటోందని చెప్పాడు. వదిన వెనక మర విప్పి, రెండు వాల్వులూ తీసి మీటరుకి పెట్టింది. ఒకటి తను కట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. రెండోదాని కొలత ఎటో వెళ్ళిపోయింది. ఆమె మొహం మాడిపోవడం నేను చూశాను. ఇంకో జత పెట్టి ఆయన్ని పంపేసింది. విడిపోయిన వాల్వుని తిరగేసి చూస్తే అడుగున ఊదారంగు చుక్క ఉంది. ఊదారంగు అంటే బల్ల చివరి వరస.

ఆర్డర్లు పెరిగాయని ఆ చివరి వరసని ఆ మధ్యే కలిపాం. వదిన వెళ్ళి కిటికీ తెరలు లాగేసి, గది చీకటి చేసి బల్ల ముందు నిలబడింది. మొదటి వరసలో వాల్వులు నిప్పుకణికల్లా ఉన్నాయి, చివరి వరసలో చూస్తే మసకగా ఉన్నాయి. అన్నయ్య ఆ వరసకి చేతికందిన సన్నతీగ లాగాడు. చివరికి చేరేసరికి కరెంటు నీరసపడి, వాల్వుల లోపలి సన్నటి తీగలు సరిగా కాలడమే లేదు. వాల్వు అరకొరగా వేగుతోందన్నమాట. మీటరు ఎక్కినప్పుడు మాత్రం బుద్ధిగా సరైన అంకె చూపించి, జనం ఇళ్ళలో అసలు వేడి తగిలాక దాని అసలు రంగు బయటపెడుతోంది.

అన్నయ్య తప్పు తనదేనన్నాడు. వదిన ఒప్పుకోలేదు. తీగ ఎవరు లాగినా, చూసుకోకుండా ముడి వేసింది తనేనంది. నేను మధ్యలో కల్పించుకుని, ఫిర్యాదు చేసింది ఒక్కడే కదా, మిగతావాళ్ళు వచ్చినప్పుడు చూద్దాం అన్నాను. ఆమె నన్ను చూసిన చూపుకి నా చేతిలో ఉలి జారింది.

మర్నాటి నుంచి మా ఇద్దరి తిరుగుడు మొదలైంది. ఊదా చుక్క ఉన్న వాల్వు ఏ జతలో వెళ్ళిందో ఆ ఇళ్ళన్నీ ఆమెకి నోటికి తెలుసు. చేతిసంచిలో కొత్త జతలు, నా భుజాన చిన్న మీటరు. బెల్లు కొట్టడం, నేను తప్పు కట్టాను మార్చి వెళతాను అని కుండ బద్దలు కొట్టినట్టు చెప్పడం, వెనక మర విప్పడం. చాలామంది తేడా ఏమీ తెలియలేదన్నారు. కొందరు కాఫీ ఇచ్చారు. పళ్ళ డాక్టరు మాత్రం విసుక్కున్నాడు. ఇన్నాళ్ళూ హాయిగా వింటున్నాను, మీరొచ్చి చెప్పాక ఇక నాకు ఆ తప్పే వినపడుతుంది అన్నాడు. అందులో కూడా న్యాయం ఉంది.

చివరికి ఒక్క ఇల్లు మిగిలింది. అది ఆపరేటరు బాబాయిది.

ఆయన మాకు చుట్టమేమీ కాదు. వెనకటి సినిమాహాల్లో ఉద్యోగమున్నంత కాలం ప్రొజెక్టరు నడిపిన మనిషి కాబట్టి అందరికీ ఆపరేటరు, పెద్దవాడు కాబట్టి మాకు బాబాయి. ఆ హాలు ఇప్పుడు లేదు. అక్కడ ఫర్నిచరు గోదాము పెట్టారు. వాళ్ళు అమ్మేది చెక్క కూడా కాదు, రంపంపొట్టుకి జిగురు పూసి అతికించిన అట్టలు. సరే, ఆ కోపం ఇక్కడెందుకు. బాబాయి టైర్ల షాపు మీద మేడగదిలో ఒంటరిగా ఉంటాడు. ఒక మంచం, ఒక కుర్చీ, గోడ పొడుగునా పాత రికార్డులు, మధ్యలో మా యాంప్లిఫయర్.

వదిన జరిగిన సంగతి చెప్పి మర విప్పబోతే ఆయన లేచి అడ్డంగా నిలబడ్డాడు.

"అది ముట్టుకోకమ్మా," అన్నాడు. "ఇన్నాళ్ళకి మా హాలు గొంతు మళ్ళీ వినపడుతోంది."

మమ్మల్ని కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పాడు. హాల్లో ఉన్న యాంప్లిఫయర్‌లో రెండు వాల్వుల్లో ఒకటి ఎప్పుడూ నీరసంగానే ఉండేదట. యజమాని కొత్తది కొనేవాడు కాదు, బొమ్మ ఆడుతోందిగా అనేవాడట. ఆ గొంతుతోనే బాబాయి తన వయసంతా గడిపాడు. మా దగ్గర యాంప్లిఫయర్ కొన్నాక పాట శుభ్రంగా వినిపించేదట, కానీ పరాయివాళ్ళింట్లో కూర్చుని వింటున్నట్టు ఉండేదట. ఈ మధ్య దానంతటదే మారి, మెత్తబడి, అచ్చం హాల్లో లాగా పలుకుతోందట. మాకు కూడా ఒక రికార్డు వేసి వినిపించాడు. నిజం చెప్పాలంటే బాగుంది. గొంతు చుట్టూ కాస్త వెచ్చదనం, అంచులు అరగదీసినట్టు ఒక నునుపు.

వదినకి ఒళ్ళు మండిపోయింది. జీవితమంతా సమానమైన జతల కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తే, తను చేసిన తప్పుని పట్టుకుని ఒకాయన మురిసిపోతున్నాడు. వెనక్కి వెళ్ళి, మరకి చుట్టిన ఎర్రదారం విప్పి సంచిలో వేసుకుంది. మీటరు పెట్టి రెండింటి మధ్య తేడా కొలిచింది. ఇది ఇక్కడితో ఆగదు, పెరుగుతూ పోతుంది, ఒకరోజు రేకు ఎర్రబడి అంతా కాలిపోతుంది అని చెప్పింది. కాలితే కాలనివ్వమన్నాడు బాబాయి. తనింకా ఎంత కాలం వింటాడు కనకా అన్నాడు.

"మీరు వినే కాలం సంగతి నాకు తెలీదు బాబాయ్. అందులో ఉన్నది మా ఆయన చుట్టిన ట్రాన్స్‌ఫార్మరు," అంది వదిన.

ఇద్దరిదీ పట్టిన పట్టే. మెట్లు దిగుతూ నేను, దారం ఎలాగూ విప్పేశావు కదా, ఇక ఆ వాల్వులు మనవి కావు, ఆయన ఇష్టం అన్నాను. రేపు మళ్ళీ వద్దాం అంది వదిన.

మర్నాడు మళ్ళీ వెళ్ళాం. తేడా ముందురోజుకన్నా పెరిగింది. బాబాయి కూడా మొహమాటపడుతూ ఒప్పుకున్నాడు, పాట కొద్దిగా గరగరలాడుతోందని. ఏ రోజు అన్నిటికన్నా బాగుందో చెప్పమని వదిన అడిగింది. నిన్న మీరు విన్నప్పుడే అన్నాడు ఆయన. ఆ మాట విన్నాక వదిన మొహంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. నాకు ఆ మొహం తెలుసు. మీటరు ముందు కూర్చున్నప్పుడు ఉండే మొహం అది. తను తిరిగి వచ్చేదాకా యాంప్లిఫయర్ వెయ్యనని బాబాయి చేత మాట తీసుకుని ఇంటికి వచ్చింది.

మా ముందు గదిలో ఒంటివాళ్ళ పెట్టె అని ఒకటి ఉంటుంది. వాల్వులు మంచివే, కానీ దేనితోనూ జత కుదరనివి అందులో పడుంటాయి. వదిన అందులోవన్నీ నేల మీద పరుచుకుని కూర్చుంది. సమానంగా ఉండేవి కాదు ఆమెకి కావలసింది. మొదటిరోజు బాబాయి గదిలో తను కొలిచిన తేడా ఎంతో అంత తేడాతో ఉండేవి రెండు కావాలి. అదొక్కటే అయితే తేలికే. ఆ తేడా పెరగకూడదు, తరగకూడదు. చివరి వరసకి అన్నయ్య అప్పటికే లావు తీగ వేశాడు. ఆ బల్ల మీద కాల్చడం, కొలవడం, ఒకటి జారిపోతే తీసి పక్కన పెట్టడం, మళ్ళీ ఇంకోటి ఎక్కించడం. సమానమైన జతకి పడే శ్రమకన్నా రెట్టింపు పడింది. అన్నయ్య తలుపు దగ్గర నిలబడి, ఇన్నేళ్ళూ కలిసేవాటిని వెతికావు, ఇప్పుడు కలవనివాటిని వెతుకుతున్నావేమిటి అని నవ్వాడు. ఆమె ఇంకో వాల్వుని బల్ల ఎక్కించింది.

నాకు మాత్రం లోపల గుబులుగానే ఉంది. ఇవి తీసుకెళ్ళి పెడితే దారం సంగతేమిటి? సమానం కాని జతకి ముడి వేస్తే ఇక ఎర్రదారానికి విలువేముంది? అప్పుడే కదా ఇంటింటికీ తిరిగి పోయిన పరువు నిలబెట్టుకున్నాం. వెయ్యకపోతే, ఇన్ని రోజులు ఆమె కూర్చుని చేసిన పని పేరూ ఊరూ లేనిదైపోతుంది. దారం లేకుండా ఇచ్చేద్దాం, ఆయన అడగడులే అన్నాడు అన్నయ్య. నేనూ అదే అన్నాను. చూద్దాం అని మాత్రం అంది వదిన.

మేం వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. కింద టైర్ల షాపులో గాలి కొట్టే మిషను రొద చేస్తోంది. బాబాయి మాట నిలబెట్టుకున్నాడు. యాంప్లిఫయర్ మీద తువ్వాలు కప్పి ఉంది. వదిన పాత వాల్వులు తీసి కొత్తవి గుచ్చి, మీటరు చూసుకుని, ఎంత వరకు వేడెక్కాలో అంత వరకు ఆగి, ఇక వెయ్యమంది. బాబాయి మొన్న వినిపించిన రికార్డే వేశాడు. కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. పాటలో కొంత దూరం వెళ్ళాక కళ్ళు తెరిచి, మా వైపు చూడకుండా లేచాడు. ఆయనకి నచ్చలేదేమో అనుకున్నాను.

ఆయన వెళ్ళి ఒక్కొక్క కిటికీ తలుపూ మూశాడు. గుమ్మం కూడా మూశాడు. గది చీకటైంది. వాల్వులు రెండూ వెలుగుతున్న చోట తప్ప ఇంకెక్కడా ఏమీ కనిపించడం లేదు. ఆట మొదలయ్యే ముందు హాల్లో దీపాలు ఆర్పడం ఆయన చేతికి అలవాటైన పని. వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చీకట్లో ఎవరూ చూడరు కాబట్టి తుడుచుకోలేదు.

పాట అయ్యేలోపే వదిన సంచిలోంచి ఎర్రదారం తీయడం ఆ కొద్దిపాటి వెలుగులో కనిపించింది. వంగి, వెనక మరకి చుడుతోంది. నేను ఆగలేక ఆమె దగ్గరికి జరిగి, చిన్నగా అడిగాను.

"వదినా, ఇవి సమానం కాదు కదా?"

"సమానమని నేనెప్పుడు చెప్పానురా చెక్కపురుగూ? ఊరంతా చాటింది నువ్వు," అంది, ముడి బిగిస్తూ. "విడిపోవని చెప్పాను. ఇవి విడిపోవు."

అన్నేళ్ళుగా ఆ దారం గురించి ఊరంతా చెప్పుకు తిరిగిన నాకు, వదిన దాన్ని దేనికి కడుతుందో అప్పుడే తెలిసింది. ఆమె మరిదినని చెప్పుకోవడానికి ఆ రోజు నాకు కలిగినంత గర్వం ఇంకెప్పుడూ కలగలేదు. రికార్డు అయిపోయింది. ఆపరేటరు బాబాయి కిటికీలు తెరవలేదు. చీకట్లోనే తడుముకుంటూ లేచి, దాన్ని తిప్పి రెండోవైపు వేశాడు.